జాగ మార్చిన చెలిమె

రోడ్డు నడుమ పెంచిన గడ్డికి పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి నీళ్ళు పట్టుడు హర్జ్యా పని. శంషాబాద్ దాటి ఎయిర్‌పోర్టు దిక్కు పోయే తొవ్వల ట్యాంకర్ మెల్లగ నడుస్తుంటది. వెనక పైపు భుజాన వేసుకొని హర్జ్యా నడుస్తుంటడు. ఆ గడ్డిని చాపల్లెక్క చుట్టి లారీల మీద తెచ్చి పరిచిండ్రు. దాన్ని గొడ్డు మెయ్యదు, మేక మెయ్యదు. మేసినా కేసే. పదేండ్ల వయసుల హర్జ్యా ఈ జాగలనే నలభై మేకల్ని తోలుకొని తిరిగిండు. ఐదో తరగతిల బడి ఇడిచింది ఆ మేకల కోసమే. ఇప్పుడు నలభై తొమ్మిదేండ్లొచ్చినయి. మేకలు లేవు, చదువు లేదు, పైపు ఉన్నది.

ఈ సంగతి అడిగినోళ్ళకు, అడగనోళ్ళకు గూడ చెప్తుంటడు. ట్యాంకర్ నడిపే ఇస్హాక్‌కైతే ఆరేండ్ల సంది రోజూ చెప్తుండు. ఇస్హాక్‌ది గగన్‌పహాడ్. వాళ్ళ అబ్బా తండాలు తిరిగి మేకలు కొనేటోడు. అందుకని ఓపికగా వింటడు. ఓపిక అయిపోతే హారన్ కొడతడు.

"ఇదిగో, ఈ మలుపు కాడ నక్కలబండ ఉండె," అన్నడు హర్జ్యా ఆ రోజు పైపు దించుతూ. "ఎకరమంత నున్నటి బండ. పేల్చి రోడ్డేసిండ్రు."

"నిన్న గూడ చెప్పినవ్ భాయ్. మొన్న గూడ. ఆ బండకు గూడ నీ లెక్క నోరుంటే రోడ్డెయ్యనిచ్చేది కాదు."

"నవ్వు. మా గైరాన్ పోతే గూడ నవ్వు."

ఇస్హాక్ నవ్వు ఆపిండు. గైరాన్ సంగతి అతనికి ఎరుకే. మంఖాల్ అవతల బోడగుట్ట తండా హర్జ్యాది. లంబాడోళ్ళ ఇండ్లు అరవై ఉంటయి. గుట్ట కింద పదకొండు ఎకరాల సర్కారు మేతభూమి ఉన్నది. దాన్నే గైరాన్ అంటరు. తండా జీవాలు తాతల నాటి నుంచి అక్కడనే మేస్తున్నయి. ఇప్పుడు ఏదో గోదాముల కంపెనీ ఆ భూమి కావాలని దరఖాస్తు పెట్టింది. ఆ జాగను ఎవరు వాడుకుంటున్నరో, ఎట్ల వాడుకుంటున్నరో శుక్రవారం తండా బడి కాడ విచారిస్తం, రుజువు లేకపోతే ఖాళీ భూమి కింద రాసుకుంటం అని నోటీసు వచ్చింది.

ఖాళీ అంటే ఖాళీగానే కనపడతది. అదే తిప్పలు. అక్కడ తండా పానం నిలబెట్టే చెలిమె ఒకటున్నది. చెలిమె అంటే బావి కాదు, కుంట కాదు. ఇసుకను చెయ్యితోని మోచేతి లోతు తోడితే ఊరే నీళ్ళు. బోర్లన్నీ ఎండిపోయే వైశాఖంల గూడ అది ఊరుతది. జీవాలకు తాపినంక మళ్ళీ ఇసుక కప్పి, మీద బండ పెట్టి వస్తరు. కప్పకపోతే ఎండకు ఆవిరైతది, పందులు పొర్లుతయి. పక్కన సీత్లా తల్లి ఏడు రాళ్ళుంటయి. వాటి చుట్టు ఆడోళ్ళకు మాత్రమే ఎరుకున్న మందు చెట్లుంటయి. కొత్త మనిషి వచ్చి నిలబడితే ఇసుక, రాళ్ళు, కంప తప్ప ఏం కనపడదు.

చూపుదామంటే తండాకు చూపే అలవాటు లేదు. పై మనిషి వచ్చి దూప అంటే కడుపునిండ నీళ్ళు పోస్తరు, రొట్టె పెడతరు. నీళ్ళ జాగ మాత్రం చెప్పరు. మరీ గుచ్చి గుచ్చి అడిగితే ఇంకో దిక్కు చెయ్యి చూపుతరు. చిన్నప్పటి నుంచే అట్ల నేర్పుతరు.

హర్జ్యా చెల్లె బిడ్డ మనీషా ఈ అలవాటుతోనే కొట్లాటకు దిగింది. ఆ పిల్ల డిగ్రీ చదివి శంషాబాద్‌ల సరుకుల గోదాంల కంప్యూటర్ పని చేస్తది. నాలుగు తండాల పిల్లలతోని కలిసి ఫోన్‌ల తండా పటం ఒకటి తయారు చేసింది. ముసలోళ్ళను గుట్ట మీద నడిపిస్తది. వాళ్ళు తమ గోర్‌బోలి మాటల్లనే ఏది ఏందో చెప్తుంటే, ఆ మాట ఆ జాగ మీదనే పటంల కూసుంటది. తాత బర్రెను పులి పట్టిన బండ గూడ ఎక్కింది. చెలిమె మాత్రం ఎక్కలేదు. హర్జ్యా తల్లి జమ్లీబాయి పోయినంక ఆ గుట్టను అడుగు అడుగు ఎరిగినోడు హర్జ్యానే. హర్జ్యా రానన్నడు.

"మామా, ఒక్కసారి నాతోని నడువు. నువ్వు చెప్పు, అది ఇనుకుంటది."

"ఫోన్‌ల పడ్డది ఆకాశంలకు పోతది. ఆడికెల్లి ప్లాట్లు చేసెటోని టేబుల్ మీదికి పోతది."

"ఇది ఆకాశంలకు పోదు. నాయక్ ఇంట్ల, బియ్యం డబ్బా పక్కన ఉంటది." మనీషా ఒక నల్ల పెట్టె చూపించింది. "ఫోన్‌ల చెప్పింది ఈడికొచ్చి దీంట్లకు దిగుతది. దీనికి నెట్టు లేదు. తండా దాటినంక ఎవడూ తెరవలేడు."

"సబ్బుపెట్టె అంత ఉన్నది. దీంట్ల గుట్ట పడతదా?"

"గుట్ట పట్టదు మామా. నీ మాట పడతది."

తాళాల సంగతి గూడ చెప్పింది. ప్రతి జాగకు తండా ఒక తాళం పెడతది. కొన్ని అందరికి, కొన్ని తండాకే, కొన్ని ఆడోళ్ళకే. ఏదన్న పైవాళ్ళకు చూపాల్సి వస్తే మూడు బొటనవేళ్ళు పడాలె. ఒకటి నాయక్‌ది, ఒకటి ఆయన పక్కన కూసొని పంచాయితీ నడిపే కార్‌భారిది, ఒకటి ఆడోళ్ళ తరఫున చాందీబాయిది. తండాల ఏ తీర్పుకైనా పెద్దమనుషులు ముగ్గురు కూసోవాలె గద, దాన్నే ఫోన్‌ల పెట్టింది ఆ పిల్ల. చాందీబాయి హర్జ్యా పెండ్లమే. ఇంట్ల వేలు ఉన్నంక గూడ హర్జ్యా కదలలేదు.

"చదువుకున్నోళ్ళను నేను చూడలేదా?" అన్నడు ఆఖరికి. "ఒకన్ని ఆరు కిలోమీటర్లు నడిపించిన నేను."

ఆ నడిపించిన కథ మనీషాకు చెప్పలేదు. నక్కలబండ మలుపు కాడ ట్యాంకర్ ఆపుకొని ఇస్హాక్‌కు చెప్పిండు, కులాసగ చెప్పిండు.

ఇరవై ఏండ్ల కింద రాజశేఖర్ అని ఒకాయన పట్నం కాలేజీ నుంచి వచ్చిండు. తండాల మీద పుస్తకం రాస్తనన్నడు. చెడ్డోడు కాదు. హర్జ్యా ఇంట్లనే పది రోజులు తిన్నడు, జమ్లీబాయిని అమ్మా అన్నడు. కానీ అంతకు ముందు సాలే ఎవరో వచ్చి మందు చెట్లు అడిగి తెలుసుకొని, ఆటోలు పెట్టి వేర్లతో సహా పీక్కపోయిండ్రు. అందుకని జమ్లీబాయి కొడుకును పక్కకు పిలిచింది. "అన్నం పెట్టు. జాగ చూపకు," అన్నది. హర్జ్యా ఆయన్ను తీసుకపోయి నక్కలబండ మీద నిలబెట్టి, ఇదే మా చెలిమె జాగ, ఎండకాలం గాబట్టి ఎండింది అన్నడు. రాజశేఖర్ అడిగిన ప్రతి దానికి జవాబు చెప్పిండు. ఆయన అంత రాసుకున్నడు. పోయేటప్పుడు చేతి గడియారం ఇప్పి ఇచ్చి పోయిండు.

"ఐదు చదివినోడు పదహారు చదివినోన్ని బండ మీద ఎండవెట్టిండు," అన్నడు హర్జ్యా. "నా బతుకుల గెలిచింది అదొక్కటే భాయ్."

"గడియారం నడుస్తుందా?"

"రెండేండ్లు నడిచింది."

"ఆ పుస్తకం?"

"అచ్చేసి ఒకటి పంపిండు. ఎవడు చదివిండు? మా వదిన పొయ్యిల పెట్టినట్టుంది."

ఇస్హాక్ బండెక్కిండు. హారన్ కొట్టలేదు.

శుక్రవారం బడి కాడ తండా అంత కూసున్నది. డిప్యూటీ తహసీల్దార్ అనుపమ మేడం వచ్చింది. సర్వేయర్ శ్రావణ్‌కుమార్ పటాల కట్టతోని వచ్చిండు. గోదాముల కంపెనీ తరఫున హరిప్రసాద్ అని తెల్ల చొక్కా ఆయన వచ్చిండు. కోస్తా దిక్కోడు. మర్యాదగా మాట్లాడతడు. బడి పిల్లలు తాగే గ్లాసులనే నీళ్ళు అడిగి తాగిండు.

నాయక్ తావుర్యా లేచి, గైరాన్ లేకపోతే జీవాలు లేవు, జీవాలు లేకపోతే తండా లేదు అని చెప్పిండు.

"జీవాలకు నీళ్ళెక్కడ తాపుతారండీ?" అనుపమ అడిగింది.

"ఆడనే మేడం. గైరాన్‌లనే."

"అక్కడ ఎక్కడ? మా పటంలో బావి గాని కుంట గాని లేదు."

నాయక్ హరిప్రసాద్ దిక్కు చూసిండు. కార్‌భారి దేవ్లా నేల చూసిండు. ఆడోళ్ళు కొంగులు సదురుకున్నరు. అరవై ఇండ్ల మంది కూసున్నరు, ఒక్కరి నోట్ల నుంచి మాట రాలేదు. పరాయి మనిషి ముందర ఆ మాట వాళ్ళకు రాదు.

ఆ సందుల హరిప్రసాద్ సంచిల నుంచి ఒక పుస్తకం తీసిండు. అట్ట మాసింది. హర్జ్యాకు చదువు సరిగ్గ రాకపోయినా అట్ట మీది ఫోటో ఎరుకే. అది వాళ్ళ అమ్మది.

"మేడమ్, వీళ్ళ ఆచారాల గురించి ఇరవై ఏళ్ళ క్రితం ఒక పరిశోధకుడు రాసింది ఇది. కాలేజీ గ్రంథాలయంలో దొరికింది. వీళ్ళమీద గౌరవంతోనే రాశారాయన. వినండి. 'తండా ప్రజలు ప్రాణప్రదంగా చూసుకునే చెలిమె నక్కలబండ వద్ద ఉన్నది.' నక్కలబండ ఇప్పుడు లేదండీ, రోడ్డులో కలిసిపోయింది. గైరాన్‌కు ఆరు కిలోమీటర్ల దూరం అది. వీళ్ళకు చెలిమె లేదని నేననడం లేదు. అది ఈ పదకొండు ఎకరాల్లో లేదంటున్నాను."

అనుపమ పుస్తకం చెయ్యి చాపి తీసుకోబోయింది. హరిప్రసాద్ ఇంకో పేజీ తిప్పిండు.

"వాళ్ళు వాడే మొక్కలూ అక్కడివే. 'తలనొప్పికి కేస్లీ ఆకు నూరి పట్టు వేస్తారు.'"

ముందట కూసున్న ఆడోళ్ళల్ల ఒకామె కిసుక్కుమన్నది.

"'కడుపు జాడించడానికి మంగ్లీ వేరు కషాయం...'"

ఇగ ఆగలేదు. ఆడోళ్ళంత ఒకరి మీద ఒకరు పడి నవ్విండ్రు. హరిప్రసాద్ తన చొక్కా చూసుకున్నడు, ఏమన్న అంటిందేమో అని. కేస్లీబాయి నాయక్ పెండ్లం. ముందు వరసల కూసున్నది. మంగ్లీబాయి కార్‌భారి తల్లి.

"కేస్లీ నూరితే తలనొప్పి పోతదా?" వెనక నుంచి ఒక ముసలామె అన్నది. "పొద్దంత పక్కన కూసుంటే లేని నొప్పి గూడ వస్తది."

నాయక్ నవ్వలేదు. "ఎవడు చెప్పిండు ఇవన్నీ?" అన్నడు.

హరిప్రసాద్ మొదటి పేజీ తీసి చదివిండు. "'దారి చూపి, ప్రతి విషయం ఓపికగా వివరించిన రాత్లావత్ హర్జ్యాకు కృతజ్ఞతలు.'"

నవ్వు ఆగిపోయింది. అందరి మొకాలు గోడ కాడ నిలబడ్డ హర్జ్యా దిక్కు తిరిగినయి.

ఇరవై ఏండ్ల సంది లోపల దాచుకొని ముద్దు చేసిన గెలుపు అది. ఇప్పుడు తెల్ల చొక్కా చేతిల పడి తండా మీదికే వచ్చింది. తప్పించుకుందామంటే తొవ్వ ఉన్నది. ఆయన తప్పు రాసుకున్నడు అంటే అయిపోతది. రాజశేఖర్ వచ్చి కాదనడు. కానీ ఆ ఫోటోల అమ్మ చూస్తున్నది.

"అది అబద్ధం మేడం," అన్నడు హర్జ్యా. "నేనే చెప్పిన. చెలిమె నక్కలబండ కాడ ఏనాడు లేకుండె. గైరాన్‌లనే ఉన్నది."

"అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు," అన్నది అనుపమ. గొంతుల కోపం లేదు, లెక్క ఉన్నది. "ఇప్పుడు చెప్పేది నిజమని నేను ఏం చూసి రాయాలి?"

హర్జ్యా అట్ట మీది అమ్మ ఫోటో దిక్కు చూసిండు.

"అవసరాన్ని బట్టి కదిలే చెలిమె అండీ," అన్నడు హరిప్రసాద్ మెల్లగ.

అనుపమ కాగితాలు సర్దుకున్నది. సోమవారం పొద్దున జాగ మీదికే వస్తనన్నది. "నోటిమాట నాకొద్దు. ఆధారం ఏదైనా ఉంటే చూపించండి. లేకపోతే ఈ పుస్తకమే ఆధారం అవుతుంది." మనీషా అడిగితే ఆ పేజీలను ఫోటో తీసుకోనిచ్చింది.

ఆ మాపు నాయక్ ఇంటి ముందు రేకుల కింద తండా కూసున్నది. హర్జ్యా నడుమ నిలబడ్డడు. మొదలు కేస్లీబాయే అడిగింది.

"తలనొప్పికి నన్నే ఎందుకు పెట్టినవ్‌రా?"

"ముందు నోటికొచ్చింది నీ పేరే వదినా."

"నా పేరు మంచిగనే వచ్చింది. మంగ్లత్తది చూడు, పాపం."

నాయక్ చెయ్యి ఎత్తిండు. "హర్జ్యా. పైవాన్ని తప్పు తొవ్వ పట్టిచ్చినవ్. దానికి నిన్ను ఏమన. మీ అమ్మ చెప్పింది, నువ్వు చేసినవ్, నేనైనా అదే చేద్దును. కానీ ఏ అబద్ధం ఏడ పెట్టినవో తండాకు చెప్పాలె గద. మాకు ఎరుకుంటే ఆ పుస్తకం రాకముందే ఈ దినానికి తయారుందుము. నువ్వు గెలిచిన అనుకొని మూటగట్టుకున్నవ్. ఆ మూట మా నెత్తి మీద పడ్డది."

హర్జ్యాకు తిరిగి అనేటందుకు చాన మాటలున్నయి. నాయక్ కొడుకు ప్లాట్ల దలాలీ చేస్తడు, అది అనొచ్చు. చదువుకున్న పిల్లలు తండాను పట్టించుకుంటలేరు, అది అనొచ్చు. రోజూ అనేవే. ఆ దినం ఏదీ నోటికి రాలేదు.

"అత్త నాకు చెప్పింది," అన్నది చాందీబాయి కూసున్న కాడి నుంచి. "పానం పోయేముందు చెప్పింది. వాడే ఒకనాడు చెప్తడు, నువ్వు అడగకు అన్నది. ఆరేండ్లు చూసిన."

"నువ్వన్న అడగకపోతివి," అన్నడు హర్జ్యా.

"నక్కలబండ నక్కలబండ అని రోజూ ఇంట్ల ఒర్లుతనే ఉన్నవ్. ఇగ అడిగేదేముంది?"

తండా రెండు మాటలు తీర్పు చెప్పింది. ఒకటి, రేపే మనీషాతోని నడిచి చెలిమెను పటంల పెట్టాలె. రెండు, నక్కలబండను గూడ పెట్టాలె, తన గొంతుతోనే, ఏం చేసిండో అంత చెప్పి. ఆ రెండోది వినంగనే హర్జ్యా మొకం మాడింది.

"రోడ్డును పటంల పెట్టి ఏం లాభం?"

"మళ్ళ ఎవడన్న పుస్తకం తెస్తే నా మనుమలు నవ్వొద్దు," అన్నడు నాయక్.

తెల్లారి ఎండ ముదరకముందే హర్జ్యా, మనీషా గైరాన్‌లకు నడిచిండ్రు. ఆ పిల్ల ఫోన్ చేతిల పట్టుకొని వెనక వస్తుంది. మొదట హర్జ్యాకు మాట రాలేదు. ఎవని కోసం చెప్తున్నడో తెల్వక మాటిమాటికి ఆమె దిక్కు తిరిగిండు.

"నా మొకం చూడకు మామా. అమ్మమ్మ అడుగుతుంది అనుకో," అన్నది మనీషా.

అప్పుడు వచ్చింది. "పండుకున్న ఆవు లెక్క ఒక బండ ఉంటది. మెడ వడమటి దిక్కు, తోక తూర్పు దిక్కు. తోక కాడ పగులుంటది, ఆ పగులుల చెయ్యి పెడితే చల్లగ తగులుతది. పగులు నుంచి పొద్దుపొడుపు దిక్కు పద్నాలుగు అడుగులు. ఏడు రాళ్ళు కుడిచేతి దిక్కు పడతయి. తట్టంత తెల్ల బండ మూత ఉంటది..."

మనీషా నిలబడ్డది. ఫోన్‌ల ఏదో తిప్పి చూసింది. మళ్ళ చూసింది.

"మామా, నువ్వు పుస్తకంలది చదివినవా?"

"నాకు చదువు ఏడికెల్లి వచ్చింది?"

"ఇదే ఉన్నది ఇందుల. పండుకున్న ఆవు. తోక కాడ పగులు. పద్నాలుగు అడుగులు. తెల్ల బండ మూత. రాజశేఖర్ సారు నీ మాట ఒక్కటి పోనియ్యకుండ రాసిండు."

హర్జ్యా నమ్మలేదు. ఆమె చదివి వినిపించింది. నిజమే. ఆ రోజు నున్నటి బండ మీద నిలబడి, సారు గుచ్చి అడుగుతుంటే, లేని చెలిమెను పుట్టించుడు అతనితోని కాలేదు. చెట్ల పేర్లకైతే అత్తలు, వదినలు అక్కరకొచ్చిండ్రు. జాగ మాట వచ్చేసరికి కండ్ల ముందర ఉన్న చెలిమెనే చెప్పుకుంటపోయిండు. చెలిమెను ఎత్తి ఆరు కిలోమీటర్ల అవతల పెట్టిండు. అంతే. పక్క పేజీల ఫోటో గూడ ఉన్నది. ఇరవై తొమ్మిదేండ్ల హర్జ్యా నక్కలబండ మీద నిలబడ్డడు. చుట్టు నున్నటి రాయి తప్ప ఆవు లేదు, పగులు లేదు.

"ఆ సారు ఫోటో చూసుకొని గూడ అడగలేదా?" అన్నది మనీషా.

"నన్ను నమ్మిండు," అన్నడు హర్జ్యా.

ఆదివారం ముగ్గురు పెద్దలు నాయక్ ఇంట్ల పెట్టె ముందర కూసున్నరు. ఏది చూపాలె, ఏది చూపొద్దు అని పొద్దుమూకే దాక మాట్లాడుకున్నరు. గైరాన్ హద్దు, జీవాల బాట, ఆవుబండ, చెలిమె తెరవాలె అన్నరు. మందు చెట్లవి తెరవొద్దు అని చాందీబాయి చెప్పింది, ఎందుకని మిగిలిన ఇద్దరు అడగలేదు. మూడు బొటనవేళ్ళు పడ్డయి. తెరిచినంత మటుకే కాగితం మీద అచ్చయి వచ్చింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికే జీపు వచ్చింది. అనుపమ పటం కాగితం తీసుకున్నది, పుస్తకం పేజీ గూడ తీసుకున్నది. పుస్తకంల ఉన్న గుర్తులు ఈడివే అని మనీషా చెప్పంగనే రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"హర్జ్యా గారూ, మీరు ఆ తుమ్మచెట్టు కింద నిలబడండి. నోరు విప్పకండి. తండావాళ్ళు కూడా ఇక్కడే ఉండండి. ఈ పుస్తకం ప్రకారం నేనే వెతుకుతాను."

హర్జ్యా తుమ్మ కింద నిలబడ్డడు. జన్మల ఎవరూ 'గారూ' అనలేదు, దాని గురించి ఆలోచించే తీరిక గూడ లేకపోయింది. మేడం ఆవుబండను దాటి పోయింది. దాటిపోయి, వెనక్కి తిరిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి, "ఇదేనా ఆవు?" అన్నది. ఎవరు పలకలేదు. తోక కాడికి పోయి పగులుల చెయ్యి పెట్టింది. తీసి చూసుకున్నది. అక్కడి నుంచి తూర్పుకు పద్నాలుగు అడుగులేసి ఆగింది. ఆడ కంప ఉన్నది. తెల్ల బండ లేదు.

హరిప్రసాద్ రుమాలుతోని మెడ తుడుచుకున్నడు. హర్జ్యా పండ్ల నడుమ నాలుక పట్టుకున్నడు. మేడం అడుగు చిన్నది. పుస్తకంల ఉన్నది మేకల కాపరి అడుగు. చెప్పొద్దన్నది గద.

అనుపమ కింద చూసింది, తన చెప్పులు చూసింది. తుమ్మ కింద నిలబడ్డ హర్జ్యా కాళ్ళు చూసింది. "శ్రావణ్, నువ్వు నడు," అన్నది. సర్వేయర్ పొడుగు మనిషి. పద్నాలుగో అడుగు కంప అవతల పడ్డది. కాలి కింద తెల్ల బండ. కుడి దిక్కు ఏడు రాళ్ళు, ఎండిపోయిన పసుపు.

బండ జరిపిండ్రు. శ్రావణ్‌కుమార్ మోకాళ్ళ మీద కూసొని ఇసుక తోడిండు. జానెడు దాక సుర్రుమనే ఇసుక. మూరెడు లోతుల రంగు మారింది. అతను చెయ్యి బయటికి తీసి ఆగిండు. గుంత అడుగున నీళ్ళు ఊరుతున్నయి, మెల్లగ, ఎవరికో జవాబు చెప్పేటందుకు తొందర లేనట్టు. అది ఏప్రిల్ నెల ఆఖరు.

"మేడమ్, ఇసుకలో ఎక్కడ తవ్వినా..." అన్నడు హరిప్రసాద్.

"తవ్వి చూపించండి," అన్నది అనుపమ.

ఆయన మంచోడే. చొక్కా చేతులు మడిచి పది అడుగుల అవతల నిజంగనే తవ్విండు. దుమ్ము లేచింది. ఇంకో జాగల తవ్విండు. రాయి తగిలింది. గోరు ఇరిగింది. చాందీబాయి కొంగు చింపి ఇచ్చింది కట్టుకొమ్మని.

గోరుకు గుడ్డ కట్టుకుంటూ గూడ ఆయన పని ఆయన ఇడవలేదు. "మొక్కల జాబితా కూడా రికార్డులో ఉండాలి కదండీ. పటంలో ఇక్కడ ఈ భాగం మసకగా ఉంది."

"అది ఆడోళ్ళది సార్," అన్నది మనీషా. "తాళం ఉన్నది."

"తెరవడానికి వీలుందా?" అనుపమ అడిగింది.

"మూడు వేళ్ళు పడాలె మేడం," అన్నది చాందీబాయి. "రెండే దొరుకుతయి."

"మరి లోపల ఏం దాస్తున్నారో మాకెలా తెలుస్తుంది?" అన్నడు హరిప్రసాద్.

"కేస్లీ ఆకు," అన్నది చాందీబాయి.

తుమ్మచెట్టు కింది దాక నవ్వు పాకింది. అనుపమ పెన్ను మూత పండ్లతో తీసి, నవ్వు ఆపుకొని రాసుకున్నది. రాసింది చదివి వినిపించింది గూడ. జీవాలకు నీరు తాపే చెలిమె ఉన్నది, పాత పుస్తకంల ఉన్న వర్ణనతోని ఈ జాగ సరిపోయింది, ఆ పుస్తకంల జాగ పేరు తప్పు పడ్డది, మొక్కల వివరాలు తండా వద్ద ఉన్నయి. నాయక్ వేలిముద్ర వెయ్యబోతే మనీషా పెన్ను ఇచ్చింది. ఆయన సంతకం నేర్చుకున్నది ఆ నెలలనే.

ఆషాఢంల ఉత్తర్వు వచ్చింది. పదకొండు ఎకరాలల్ల ఏడు గైరాన్‌గనే ఉంటయి, చెలిమె, జీవాల బాట అందులనే. రోడ్డు పక్క నాలుగు ఎకరాలు గోదాములకు పోయినయి. సీత్లా పండుగ నాడు మేకల్ని ఏడు రాళ్ళ మీదుగ దాటిస్తుంటే తండా అంత కిలకిల నవ్వుకున్నది. హర్జ్యా మాత్రం పోయిన నాలుగు ఎకరాలనే లెక్కపెట్టిండు. "ఏడు మిగిలినయి గద," అన్నది మనీషా. "నాలుగు పోయినయి గద," అన్నడు. ఆ మనిషి అంతే.

రెండో తీర్పు ఇంకా బాకీ ఉండె. ఒక పొద్దున మలుపు కాడ ట్యాంకర్ ఆపించి, పైపు కింద పెట్టి, మనీషా నేర్పినట్టు ఫోన్ నోటి కాడ పట్టుకున్నడు. ఇస్హాక్ ఇంజన్ బందు చేసి కిందికి దిగిండు.

"దీనికి ఏ తాళం?" ఇస్హాక్ అడిగిండు.

"తాళం లేదు. అందరికి. నాయక్ అట్లనే పెట్టమన్నడు."

గొంతు సవరించుకున్నడు. తన మాటల్ల చెప్పి, ఇస్హాక్ అడిగితే తెలుగుల మళ్ళ చెప్పిండు. "ఇది నక్కలబండ. ఇక్కడ నున్నటి బండ ఉండె. చెలిమె లేకుండె. ఉన్నదని నేను చెప్పిన, రాత్లావత్ హర్జ్యాను. రాజశేఖర్ సారు నమ్మిండు. సారు తప్పు లేదు. ఇక్కడ నీళ్ళు లేవు."

ఫోన్ జేబుల పెట్టుకున్నడు. ఇస్హాక్ తడి గడ్డి దిక్కు చూసిండు, కింద పారుతున్న పైపు దిక్కు చూసిండు.

"నీళ్ళు లేవంటవేంది భాయ్? ఆరేండ్ల సంది రోజుకు రెండు ట్యాంకర్లు పోస్తున్నవ్ గద."

హర్జ్యా పైపు ఎత్తి భుజాన వేసుకున్నడు. "నడిపియ్," అన్నడు. "ఎండైతుంది."